తుది మాటల కోట

గండ్రశిల లోయమీద అడ్డంగా వాలి ఉన్న రాతివంతెనపై రాకుమారి కువలయ సగం దూరం వచ్చిందో లేదో, పడమటికి వాలుతున్న ఎండ ఒక్కసారిగా ఆరిపోయింది. మబ్బు పట్టిందనుకుని తలెత్తింది. మబ్బు కాదు. ఏనుగంత డేగ! రెక్కలకు ఈకలు లేవు, ఒట్టి ఎముకలు. ఆ ఎముకల సందుల్లోంచి గాలి ఈల వేస్తూ దూసుకుపోతోంది. కళ్లుండవలసిన చోట రెండు నిప్పుకణికలు భగభగలాడుతున్నాయి.

"తల వంచు తల్లీ!" అని వెనకనుంచి కేక పెట్టాడు తిప్పన్న.

తిప్పన్న వైడూర్యపురం గుర్రపుసాలకు పెద్ద. కువలయకు నడక వచ్చిన ఏడే గుర్రమెక్కడమూ నేర్పినవాడు. ఇప్పుడు మాత్రం నుదుట విభూతి రేఖలు దిద్దుకుని, చంకలో తాటాకుల కట్టతో, చేతిలో గురువుగారి పావుకోళ్లతో శిష్యుడి వేషంలో ఉన్నాడు. ఆ గురువుగారు మరెవరో కాదు, కువలయే. జుట్టు ముడిచి తలపాగా చుట్టి, శాలువా కప్పుకుని, దూరదేశపు యువపండితుడు ఇందుశేఖరుడినని చెప్పుకుంటోంది. అరవై దాటిన శిష్యుడు, ఇరవై నిండని గురువు! దారిలో చూసినవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారంటే వాళ్ల తప్పేముంది?

డేగ ఒక్క ఊపున దిగి తిప్పన్న గుర్రాన్ని గోళ్లతో ఎత్తుకుపోయింది. పాపం, ఆ మూగజీవి అరుపు లోయ అడుగుదాకా వినిపించి ఆగిపోయింది. డేగ మళ్లీ తిరిగింది. ఈసారి దాని చూపు కువలయ మీదే. తిప్పన్న తాటాకుల కట్టను గాలిలోకి విసిరాడు. ఆ కట్ట నడుమ ఉన్నది శాస్త్రం కాదు, కత్తి. కువలయ దాన్ని ఎడమచేత్తో అందుకుని, ఒర లాగి, డేగ మీదికి వచ్చేదాకా కదలకుండా నిలబడి, మెడ కీలు దగ్గర కింది నుంచి పైకి ఒక్క దెబ్బ వేసింది. ఎముకలన్నీ కట్టు తెగిన కట్టెలమోపులా చెల్లాచెదురై లోయలోకి రాలిపోయాయి.

"ఎడంచేతి వాటం నీకు ఎప్పట్నించి తల్లీ?" అన్నాడు తిప్పన్న, గుండె చిక్కబట్టుకుని.

"తెలియదు తాతా. చెయ్యి దానంతటదే లేచింది."

తిప్పన్న పొద్దు వంక చూశాడు. మాట్లాడుకునే వ్యవధి లేదు. మిగిలిన ఒక్క గుర్రం గోరింటను కళ్లెం పట్టి నడిపిస్తూ ఇద్దరూ వంతెన దాటారు.

ఇంత ఆపదను కోరి తెచ్చుకోవడానికి కారణముంది. వైడూర్యపురం సీమలో ఒక ఆచారం. పండితుడు వాదం ముగించేటప్పుడు "ఇది నా తుది మాట" అని జేగంట మోగిస్తాడు. గంట మోగాక ఆ మాట మార్చుకోవడమంటే తల తీయించుకున్నంత అవమానం. మాంత్రికుడు విరూపసిద్ధుడికి సరిగ్గా అదే అక్కరకొచ్చింది. బైరాగి వేషంతో ఊరూరా తిరిగేవాడు. పెద్దల కాళ్లదగ్గర చేతిగంట ఒకటి పెట్టి, "మహానుభావా, ఆత్మ అంటే ఏమిటి?" అని వినయంగా అడిగేవాడు. పండితుణ్ణి ప్రశ్న అడిగితే ఊరుకుంటాడా? పొద్దుపోయేదాకా చెప్పి చెప్పి చివరకు తుది మాట పలికి గంట కొట్టేవాడు. కొట్టిన మరుక్షణం అతని ఆత్మ ఒంట్లోంచి లేచిపోయి, తాను ఏమని చెప్పాడో ఆ రూపంలోనే మాంత్రికుడి కోటలో బందీ అయ్యేది. జ్యోతి అన్నవాడు దీపంలో, పిట్ట అన్నవాడు పంజరంలో.

కువలయ తండ్రి ఆర్యకీర్తి మహారాజు మహావీరుడు, అంతకుమించి మహా ఆలోచనపరుడు. ఒక సాయంత్రం బైరాగి ఎవరో వచ్చాడని ఏకాంతంగా కూర్చున్నాడు. గంట చప్పుడైంది. కాపలావాళ్లు లోపలికి వెళ్లేసరికి బైరాగి లేడు, రాజు నేలమీద పడి ఉన్నాడు. ఒళ్లు వెచ్చగానే ఉంది. ముక్కు దగ్గర పెట్టిన దూది కదిలీ కదలనట్టు కదిలింది. అంతే. పిలిస్తే పలకడు, తడితే లేవడు. రాజు ఈ స్థితిలో అమావాస్య పొద్దు గుంకేదాకా లేవకపోతే చితికి నిప్పంటించి కొత్తవారికి పట్టం కట్టాలని రాజ్యధర్మం. ఇవాళే అమావాస్య.

వంతెన దాటగానే కోట కనిపించింది. కొండకొమ్మున నల్లరాతి కోట. బురుజు బురుజుకీ గంటలు, పెద్దవీ చిన్నవీ, ఇత్తడివీ కంచువీ, గాలికి ఊగుతున్నాయి గాని మోగడం లేదు. గోడల నిండా తెల్లపూల తీగలు అల్లుకున్నాయి. ఆ పూలలో ఒక్కదానికీ వాసన లేదు. కందకంలో నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్లు లెక్కపెట్టవచ్చు, కాని పైన వంగి చూసినవాళ్ల ముఖం మాత్రం ఆ నీళ్లలో కనపడదు. గోరింట ఆ నీళ్లు చూసి తాగకుండా వెనక్కి జరిగింది. దాన్ని బయటే ఒక మొండిచెట్టుకు కట్టేశారు.

వాకిట్లో అరుగుమీద ఒక లావుపాటి మనిషి అరిసెలు తింటూ కూర్చున్నాడు.

"రండి రండి. చెప్పిపోవడానికా, చూసిపోవడానికా?" అన్నాడు, వేళ్లు నాక్కుంటూ.

"మేము పండితులం. మీరెవరు?" అంది కువలయ గొంతు బొంగురు చేసి.

"నాస్తిభట్టు అంటారు నన్ను. నేనూ ఒకప్పుడు మీలాగే పండితుణ్ణి. మా దొర నన్నూ అడిగాడు. ఆత్మా లేదు, గీత్మా లేదు, అదే నా తుది మాట అని గంట కొట్టాను. దొరికింది ఏమీ లేక మావాడు నెత్తి కొట్టుకున్నాడు. పోనీ నువ్వు వాకిలి కాయి, మూడుపూటలా తిండి పెడతానన్నాడు. ఉండిపోయాను."

"లోపలున్నవాళ్లు బయటపడే దారే లేదా?"

"లేకేం? పాత్ర పగిలితే చాలు, లోపలివాడు తన ఒంట్లోకి తాను పోతాడు. అదీ కాదంటే, చెప్పిన మాట తప్పని తానే మనసారా ఒప్పుకోవాలి. ఊరికే నోటితో అంటే కుదరదు సుమా. మొదటిది మా దొర జరగనివ్వడు. రెండోది పండితులు జరగనివ్వరు." నాస్తిభట్టు పకపకా నవ్వి, ఇంకో అరిసె తీసుకున్నాడు.

కువలయకు ఆ నవ్వు కంపరం పుట్టించింది. అయినా చేతులు జోడించి లోపలికి నడిచింది.

లోపలిది స్తంభాల మండపం. స్తంభం స్తంభానికీ గూళ్లు, గూడు గూడుకీ ఒక పాత్ర. ఆ పాత్రలన్నీ మాట్లాడుతున్నాయి!

"ఆత్మ జ్యోతి. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించినా మొదటిది తరగదు, చూసుకోండి," అంటోంది ఇత్తడి ప్రమిద.

"ఏం జ్యోతండీ, నూనె అయిపోతే? వీణ ఉన్నంతసేపే రాగం. కర్ర కాలిపోయాక రాగం ఏ లోకానికి పోయిందని వెతుకుతారు?" అంది పక్కనే ఉన్న వీణ.

"పంజరం విరిగితే పిట్ట ఏడుస్తుందా? ఎగురుతుంది!"

"అది విత్తు నాయనా. మట్టిలో కలిస్తేగాని తనలో ఏముందో దానికే తెలియదు."

"ఎదుట ఇంకొకరు లేనిదే ఆత్మే లేదు. నేను అద్దమని ఊరికే అన్నానా?"

ఏ ఒక్కటీ ఇంకొకదాని మాట వినడం లేదు. ఎన్ని ఏళ్ల నుంచి ఇలా అరుచుకుంటున్నాయో! దేశాలు నెత్తిన పెట్టుకున్న పెద్దలు వీళ్లు. వీళ్ల మాటలు వల్లెవేసుకుంటూనే కువలయ చదువు నేర్చింది. ఒక్కొక్కరి మాటా ఎంత అందంగా ఉందో, ఆ అందమే వాళ్లకు గొలుసైంది. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. కాని ఏడవడానికి వచ్చిందా?

"అయ్యలారా! వైడూర్యపురం మహారాజు ఆర్యకీర్తి మీలో ఉన్నారా?" అని గొంతెత్తి అడిగింది.

"ముందు జ్యోతి అని ఒప్పుకో, తరవాత చెబుతాను," అంది ప్రమిద.

కువలయ ఒక గూటినుంచి ఇంకో గూటికి పరిగెత్తింది. శంఖం చెవికి ఆనించుకుంది, కుండ మూత తీసింది, గవ్వల బుట్ట తిరగేసింది. "నాన్నగారూ! నేను, కువలయను!" ఎక్కడా ఆ గొంతు పలకలేదు. తిప్పన్న రెండోవైపు గూళ్లన్నీ గాలించి, చేతులు వేలాడేసుకుని వచ్చాడు. పడమటి కిటికీలోంచి ఎండ ఎర్రబడి నేలమీద పొడుగ్గా పడుతోంది.

అన్నిటికంటే కింది గూట్లో ఒక మట్టిమూకుడు ఉంది. అందులోంచి ఒక స్త్రీ గొంతు, అలసిపోయిన గొంతు, మెల్లగా పలికింది. "నేను పద్యాలు చెప్పుకునేదాన్ని తల్లీ. ఆత్మ అంటే ఎంత పెట్టినా నిండని ఆకలి అన్నాను. అందుకే ఈ మూకుడు. మీ నాన్నగారి గంట మేమందరం విన్నాం. ఎవరు వస్తారా అని చూశాం. గంట మోగింది గాని, ఎవరూ రాలేదమ్మా."

"రాకపోవడమేమిటి? మరి ఎక్కడికి పోయారు?"

"ఆ సంగతి నేను చెబుతాను," అన్నాడు ఎవరో.

మండపం చివర విరూపసిద్ధుడు నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, ఒళ్లంతా బూడిదతో, పిల్లవాడి ముఖం లాంటి ముఖంతో ఉన్నాడు. ఎండ అతని మీద పడుతోంది గాని వెనక నీడ పడడం లేదు. తిప్పన్న మొలలో దాచిన బాకు తీసి ఒక్క గంతు వేశాడు. విరూపసిద్ధుడు పిడికెడు బూడిద చల్లాడు. తిప్పన్న కాళ్లు మోకాళ్లదాకా రాయైపోయాయి.

"అయ్యో తాతా!"

"నా సంగతి వదిలెయ్ తల్లీ! అయ్యగారి సంగతి చూడు!"

"చూడడానికేముంది?" అన్నాడు మాంత్రికుడు, నింపాదిగా. "మీ నాన్నను ఆత్మ అంటే ఏమిటని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. ఇంతమంది ఇన్ని విధాల చెప్పారు, నాకు మాత్రం ఒకటే తెలుసన్నాడు. 'నా ఆత్మ నా కూతురు. అదే నా తుది మాట' అని గంట కొట్టాడు. ఇక్కడికి ఎలా వస్తాడు? వెళ్లవలసిన చోటికే వెళ్లాడు. నీలోకి."

కువలయ చెయ్యి గుండెమీదికి పోయింది. ఎడమచెయ్యి. వంతెన మీద డేగను కొట్టిన చెయ్యి. రాజ్యం మొత్తంలో ఎడమచేత్తో, కింది నుంచి పైకి కత్తి వేసేవాడు ఒక్కడే. దారంతా ఎవరో వెంట ఉన్నట్టే ఉండడం, ఎన్నడూ చూడని అడవిలో దారి తెలిసిపోవడం ఇప్పుడు అర్థమయ్యాయి. తండ్రికోసం తాను వెతుక్కుంటూ రాలేదు. తండ్రిని స్వయంగా మోసుకొచ్చి దొంగ చేతికి అప్పగించింది!

"దారిలో ఆ డేగను ఎందుకు పంపావు మరి?"

"నిన్ను జాగ్రత్తగా ఎత్తుకురమ్మని. నువ్వు దాన్ని విరిచేసి కాళ్లమీద నడిచి వచ్చావు. ఇంకా మంచిది." విరూపసిద్ధుడు దగ్గరికొచ్చాడు. అతని మాటలో గర్వం కంటే దిగులే ఎక్కువగా ఉంది. "మంత్రాలు నేర్చుకోవడానికి నా ఆత్మను చిన్ననాడే గురువుకు దక్షిణగా ఇచ్చేశాను. అది ఎలా ఉండేదో గుర్తులేదు. తెలిసినవాళ్లందరి మాటలూ కూడబెడితే నాకూ ఒకటి తయారు కాకపోతుందా అని ఈ పని పెట్టుకున్నాను. ఎన్ని పాత్రలు చేరినా తయారు కాలేదు. వీటిలో ఒక్కటీ మనిషి కాదు. నువ్వొక్కతెవే మనిషివి. నిన్ను ఆ నడిమి గూట్లో నిలబెడితే ఏమవుతుందో చూడాలని ఉంది."

అతడు చెయ్యి చాచి ఏదో గొణిగాడు. కువలయ పాదాలు చల్లబడ్డాయి. చల్లదనం మడమలనుంచి పిక్కలకు ఎక్కింది. ఒంగి చూస్తే నల్లరాయి.

పడమటి కొండ అంచుకు పొద్దు దిగుతోంది. వైడూర్యపురంలో ఇప్పుడు చందనం చెక్కలు పేరుస్తూ ఉంటారు. పాత్ర పగిలితే చాలు, లోపలివాడు తన ఒంట్లోకి తాను పోతాడు. కువలయ ఇక ఆలోచించలేదు. శాలువా చాటున దాచిన కత్తిని కుడిచేత్తో ఎత్తి తన గొంతుకే గురిపెట్టింది.

"తల్లీ! వద్దు!" తిప్పన్న గావుకేక పెట్టాడు.

కత్తి దిగలేదు. ఎడమచెయ్యి ఎగిరి కుడి మణికట్టును పట్టుకుంది. ఉడుంపట్టు. తన చేతితో తాను పెనుగులాడుతూ ఆమె తూలిపోయింది. అప్పుడు ఆమె నోటినుంచే మరో గొంతు వచ్చింది. లోతైన గొంతు, వృద్ధుడి గొంతు.

"కత్తి దించు, కువలయా."

మండపమంతా నిశ్శబ్దమైపోయింది. ఇన్నేళ్లలో ఆ పాత్రలన్నీ ఒక్కసారిగా ఊరుకోవడం అదే మొదలు.

"నాన్నగారూ! దారి ఇంకొకటి ఉంది. మీ మాట వెనక్కి తీసుకోండి. ఇంక పొద్దు లేదు!"

"నిజాన్ని ఎలా వెనక్కి తీసుకోను తల్లీ? నువ్వు పుట్టిన రోజున మంత్రసాని నిన్ను నా చేతిలో పెట్టింది. నా ప్రాణం బయటికొచ్చి ఏడుస్తోందనిపించింది. ఆనాటినుంచి అది అబద్ధమని ఒక్క క్షణం అనిపించలేదు."

చల్లదనం మోకాళ్లు దాటింది. కువలయ ఏడుస్తూనే మాట్లాడింది. ఒకే నోరు ఇద్దరికీ. "నాకు గుర్రమెక్కడం వచ్చింది. కోటగుమ్మం దాటనిచ్చారా? కత్తి నేర్పించారు. ఒక్కనాడైనా సరిహద్దుకు పంపారా? వచ్చిన సంబంధాలన్నీ ఎందుకు తిప్పి పంపారు? అడిగితే, నువ్వు నా ప్రాణానివి అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా సంతోషించాను నాన్నగారూ. మీమీద కోపం లేదు. కాని ఆ మాటకు నేను ఎప్పుడూ జవాబు చెప్పలేకపోయాను."

రాయి నడుము దగ్గరకు వచ్చింది. విరూపసిద్ధుడు వంగి, కన్నార్పకుండా చూస్తున్నాడు.

"వీడు నిన్ను గూట్లో పెట్టబోతున్నాడు," అంది చివరకు ఆ గొంతు. "నేను ముందే పెట్టాను. పట్టుబట్టలు కట్టి, పాలూ పళ్లూ పెట్టి, గూట్లోనే పెట్టాను. వీడికీ నాకూ తేడా ఏముంది?" రాజు మండపమంతా వినిపించేలా గొంతెత్తాడు. "వినండి పెద్దలారా! నేను వైడూర్యపురం రాజును. గంట కొట్టి చెప్పిన మాట తప్పని ఒప్పుకుంటున్నాను. నా కూతురు నా ఆత్మ కాదు. ఆమెకు ఆమెది ఉంది. నాది ఏమిటో... నాకు తెలియదు."

ఎక్కడా ఎవరూ గంట ముట్టలేదు. అయినా బురుజులమీద గంటలన్నీ ఒక్కసారి మోగి ఊరుకున్నాయి.

కువలయ ఎడమచెయ్యి పట్టు సడలి పక్కకు వాలిపోయింది. లోపల ఇన్నాళ్లూ ఉన్న వెచ్చదనం పోయింది. "నాన్నగారూ!" అని పిలిచింది. తాను అడిగి సాధించుకున్నదే అయినా, గుండె పగిలినట్టు ఏడ్చింది. ఆమె ఇక పాత్ర కాదు. నడుముదాకా పట్టిన రాయి పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఆ పెళపెళకు తిప్పన్న కాళ్లకు పట్టిన రాయి కూడా ఊడిపోయింది.

కింది గూట్లోంచి మట్టిమూకుడు నెమ్మదిగా అంది. "ఆకలి అన్నాను. ఒక రాజు అంతమాట అన్నాక నాకెందుకమ్మా బింకం? నాకూ తెలియదు." మూకుడు రెండు చెక్కలైంది. దాని వెనకే వీణ తీగ ఒకటి ఫెళ్లున తెగింది. పంజరం తలుపు ఊగింది. "నేను ఒప్పుకోను, జ్యోతే!" అని ప్రమిద ఒక్కటే గింజుకుంటోంది. పాత్ర పగిలినప్పుడల్లా ఒక స్తంభం బీటలు వారింది. కోట నిలబడి ఉన్నదే వాళ్ల పట్టుదల మీద!

విరూపసిద్ధుడు ఒక గూటినుంచి ఇంకో గూటికి పరిగెత్తి చేతులు అడ్డుపెట్టాడు. ఏదీ ఆగలేదు. చివరకు వాకిలికి అడ్డంగా వచ్చి, చేతిగంట కువలయ ముందు పట్టుకుని నిలబడ్డాడు. "అందరూ పోతున్నారు. నువ్వైనా చెప్పిపో! ఆత్మ అంటే ఏమిటి?" అడుక్కునేవాడి గొంతులా ఉంది.

అతణ్ణి చూసి ఆమెకు జాలేసింది. జవాబు చెప్పాలనీ అనిపించింది, నాలుక చివరిదాకా వచ్చింది. గంట వంక చూసి ఆగిపోయింది.

"మా నాన్నగారిని చితిమీద పెడుతున్నారు. దారి వదులు," అంది.

వదలలేదు. కువలయ అతణ్ణి భుజంతో తోసేసి బయటికి దూకింది. వెనక మండపం కప్పు కూలింది. నాస్తిభట్టు అరిసెల బుట్టతో సహా ఎప్పుడో పారిపోయాడు. తిప్పన్న ముందే పరిగెత్తి గోరింట కట్టు కోసేశాడు. "ఎక్కు తల్లీ, ఇద్దర్నీ మోస్తే అది వేళకు చేరలేదు. నువ్వు పో. నేను లోయ చుట్టి నడిచి వస్తాలే!" అని గుర్రం వీపుమీద చరిచాడు.

రాతివంతెన మధ్యలో విరుగుతోంది. గోరింట ఆగలేదు. లోయ నోటిమీదుగా ఒక్క గెంతు గెంతి ఆవలి గట్టున ముందుకాళ్లు ఊనింది. కువలయ తలపాగా ఎక్కడో జారిపోయి జుట్టు విడిపోయింది. కళ్లు తుడుచుకుని తలెత్తి చూసింది. పొద్దు కొండ వెనక మునిగిపోయింది. వైడూర్యపురం దిక్కున, దూరపు కొండల మీదుగా సన్నటి పొగ ఒకటి లేస్తోంది. తండ్రి కళ్లు తెరిచాక జనం వేసిన ధూపమో, కళ్లు తెరిచేలోగానే అంటించిన చితో అక్కడినుంచి తెలియదు. ఇప్పుడు చెయ్యి పట్టి దారి చెప్పేవారు లోపల ఎవరూ లేరు. కువలయ కుడిచేత్తో కళ్లెం లాగి, ఆ పొగకేసి గుర్రాన్ని అదిలించింది.